సుద్దగీత లేని పెట్టెలు

బీరు కాచే చిన్న షెడ్డు. మధ్యాహ్నం రెండు. మూసిన గోదాము తలుపుకి ఇవతల అక్క, తమ్ముడు.

"తలుపు ముట్టుకోకు అక్కా! చెయ్యి తియ్యి. తియ్యమంటున్నానా!"

"అరవకురా. లోపల ఏమైంది? అల్మరా కూలిందా?"

"అల్మరా కాదు."

"మరి ఆ చప్పుడేంటి? పిల్లి దూరిందా?"

"పిల్లీ కాదు, ఎలుకా కాదు. సీసా. దానంతటది పేలింది."

"సీసా పేలడమేంట్రా, అదేమన్నా టపాకాయా?"

"నా చొక్కా చూడు. భుజం దగ్గర. కనిపించిందా గాజుపెంకు? తలుపు తీసి ఒక్క అడుగు వేశాను, అంతే. చెవి పక్కనుంచి దూసుకుపోయింది. ఇంకో రెండంగుళాలు ఇటు వచ్చుంటే నా కన్ను ఉండేది కాదు."

"అయ్యో అయ్యో, రక్తంరా!"

"గీరుకుందిలే. అది వదిలెయ్."

"వదిలెయ్యడమేంటి? ఉండు, గుడ్డ తెస్తా—"

"అక్కా, ముందు నేను చెప్పేది విను. ఇది మూడోది. పొద్దున్న ఒకటి పగిలింది. బీటలొచ్చిన సీసా అయ్యుంటుందిలే అని ఊడ్చి పారేశాను. పదింటికి ఇంకోటి. ఇప్పుడిది."

"పొద్దున్న పగిలితే నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఫోన్లో ఉన్నావు."

"నేనెప్పుడూ ఫోన్లోనే ఉంటాను. నువ్వు కాచినదాన్ని ఎవరో ఒకరు అమ్మాలి కదా! అది నీకు—"

"ష్. విన్నావా?"

"ఏంటి?"

"ఇంకోటి. నాలుగు."

"ఒరేయ్, లోపల ఎన్ని పెట్టెలున్నాయి?"

"నలభై. పెట్టెకి ఇరవై నాలుగు."

"అమ్మో, వెయ్యి సీసాలు!"

"వెయ్యికి నలభై తక్కువ. కాదు, ఇప్పుడు నలభై నాలుగు తక్కువ."

"ఈ టైములో నీకు లెక్కలు కావాలా? ఎందుకు పేలుతున్నాయో చెప్పు. ఎండకా?"

"ఎండ కొంత. గోదాములో కూలరు ఆపించింది ఎవరు?"

"నేనే. ఆపించక? బార్లీ ధర రెట్టింపయింది. మూతల ధర పెరిగింది. గాజు ధర పెరిగింది. ఎక్కడో ఒకచోట తగ్గించుకోకపోతే—"

"నిన్ను అనట్లేదక్కా."

"అంటున్నావు. అనేశావు కూడా."

"సరే, ఎండ వదిలెయ్. నాన్న ఉన్నప్పుడు కూలరే లేదు. ఇంతకంటే ఎక్కువ ఎండలు చూశాం. ఒక్క సీసా పేలిందా?"

"లేదు."

"మరి ఇప్పుడెందుకు?"

"నన్నడుగుతావేంట్రా? కాచేది నువ్వు. ఇప్పుడేం మారింది?"

"సీసా మారింది అక్కా."

"మళ్ళీ మొదలెట్టావా? తిరిగి తిరిగి నా నెత్తికే చుట్టు! ధర పెంచితే ఏమైందో నువ్వు చూళ్ళేదా? మూలకొట్టు ముసలాయన ఏమన్నాడు? 'మీ సీసా ధరకి నా ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలుగుతుందమ్మా' అన్నాడు. వారం తిరక్కుండా సగంమంది మొహం చాటేశారు. అందుకే ధర అలాగే ఉంచి సీసా తగ్గించాను. ఆరువందల యాభై నుంచి అయిదువందలకి. ఊరుకున్నారా? ఊరుకున్నారు. అయిదువందల నుంచి మూడువందల ముప్ఫైకి. అప్పుడూ ఊరుకున్నారు."

"ఊరుకోలేదు. వచ్చే ఏడాది కళ్ళల్లో వేసుకునే చుక్కలమందులా అమ్ముతారా అని నన్నడిగారు."

"అడిగితే అడిగారు, కొన్నారు కదా! ప్రపంచంలో అన్నీ చిక్కిపోతున్నాయి. సబ్బు చిక్కింది, బిస్కెట్టు చిక్కింది. మనమొక్కళ్ళమే లావుగా ఉండాలా?"

"నేను తగ్గించడం తప్పనట్లేదు."

"మరి?"

"అక్కా, సీసాలో బీరు పోశాక, మూత వేసేముందు ఏం వేస్తాం?"

"చక్కెర. నాకు తెలీదనుకున్నావా? ఈ షెడ్డులోనే పుట్టాను."

"ఎందుకు వేస్తాం?"

"మూత వేశాక లోపల మిగిలిన ఈస్టు ఆ చక్కెర తింటుంది, గ్యాసు పుడుతుంది. తీసినప్పుడు నురగొస్తుంది. ఏంటి, పరీక్ష పెడుతున్నావా?"

"ఎంత వేస్తాం?"

"సీసాకి ఒక చెంచా. నాన్న చెంచా. నిండుగా వేసి, పైన వేలితో సమంగా గీసి."

"అది ఏ సీసాకి పెట్టిన లెక్క?"

"ఏ సీసాకేంటి? మన సీసాకి."

"ఏ సీసాకక్కా?"

"... పెద్దదానికి."

"ఇప్పుడున్న సీసా దాంట్లో ఎంత?"

"సగం."

"చెంచా?"

"ఒరేయ్..."

"చెంచా అదే. సీసా రెండుసార్లు చిక్కిపోయింది. చెంచా చిక్కలేదు. సగం సీసాలో రెట్టింపు గ్యాసు. పైగా చవకని పల్చటి గాజు. పైగా ఈ ఎండ."

"అయ్యో దేవుడా! ఇదంతా నీకు తెలీదా? నాన్న నిన్ను చదివించింది ఎందుకు? చెంచా మార్చాలని నీకు తోచలేదా?"

"చక్కెర వేసేది నేనా? అత్త వేస్తుంది. ఇరవై ఏళ్ళుగా అత్తే వేస్తోంది. ఆ చెంచా మెడలో తాడుకి కట్టుకుని తిరుగుతుంది. ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడుతుంది. అది నాన్న చేసింది, నాన్న లెక్క అంటుంది."

"అత్త ముసల్ది. ఆవిడకేం తెలుసు? చెప్పాల్సింది నువ్వు."

"నువ్వు సీసా మార్చినప్పుడు నన్నడిగావా? ఒకరోజు పొద్దున్నే లారీ వచ్చి చిన్న సీసాలు దింపిపోయింది. లేబులు చూస్తే సీసా కంటే పెద్దది. అప్పుడే కదా నాకు తెలిసింది!"

"తెలిశాక ఏం చేశావు?"

"పనిలో పడిపోయాను. మూలనపడ్డ పంపు బాగుచేయించుకున్నాను. చెంచా సంగతి నాకు గుర్తే రాలేదు. చాలా? ఒప్పుకున్నాను, చాలా?"

"నాకు చాలేదేం లేదురా. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. తలుపు తీసి ఐసు పోద్దామా?"

"ఎవరు తీస్తారు? ఒకటి పేలితే పక్కదాన్ని పేలుస్తుంది."

"అయితే తలుపు మూసి వదిలేద్దాం. అన్నీ పేలిపోనీ. పీడా పోతుంది. ఊడ్చుకుందాం."

"ఇక్కడివి సరే. బయటికి వెళ్ళినవి?"

"బయటికి ఎన్ని వెళ్ళాయి?"

"మూలకొట్టుకి ఆరు పెట్టెలు. వంతెన పక్క హోటలుకి పది. వాళ్ళు ఎక్కడ పెడతారో చూశావా? వంటగదిలో. పొయ్యికి ఇటు పెట్టెలు, అటు వంటవాడు."

"ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పు."

"ఏమని చెప్పాలి?"

"చల్లగా ఉంటే రుచి బాగుంటుందని."

"అక్కా!"

"మరేం చెప్పమంటావురా? మా సీసాలు బాంబులయ్యాయి, కాస్త తల పక్కకి పెట్టుకోండి అని చెప్పనా? రేపట్నుంచి మన సీసా ఒక్కడు ముట్టుకుంటాడా? పెద్ద కంపెనీ అయితే ఇంకో పేరు పెట్టుకుని వస్తుంది. మనకున్నది ఒక్కటే పేరు. నాన్న పేరు. నీకు ఈ పని తప్ప ఇంకోటి చేతకాదు, నాకూ చేతకాదు. గేటుకి తాళం వేసి ఎక్కడికి పోతాం?"

"ఎవడి కన్నో పోయాక చెబుతావా?"

"ఏమో, ఏమీ కాకపోవచ్చు కదా. అన్నీ పేలతాయని రాసిపెట్టుందా? ఫ్రిజ్‌లో పెట్టమందాం. సాయంత్రం మీ బావని పంపి, ఏదో వంక చెప్పి, మెల్లిగా వెనక్కి తెప్పిద్దాం. ఎవరికీ ఏమీ—"

"బావ ఎక్కడ?"

"ఏంటి?"

"బావ ఎక్కడక్కా? పొద్దున్న రెండు పెట్టెలు కార్లో వేసుకెళ్ళాడు కదా. కొత్త కొట్టు వాళ్ళకి చూపించాలని."

"అవును. భోజనం టైముకి వచ్చేస్తా అన్నారు. పిల్లకి స్కూలు లేదు కదా, ఇంట్లో అల్లరి చేస్తోందని పిచ్చుకని కూడా..."

"పిచ్చుకని కూడా?"

"ఫోన్ ఏదిరా? నా ఫోన్ ఏది?"

"నీ చేతిలోనే ఉంది."

"ఎత్తండి, ఎత్తండి, ఒక్కసారి ఎత్తండి... హలో! ఏమండీ! ఎక్కడున్నారు? ... కారు ఆపండి. ... ఎందుకని అడక్కండి, ముందు ఆపండి. పిల్ల ఎక్కడ కూర్చుంది? ... వెనకా? మరి పెట్టెలు? ... దాని పక్కనేనా! ... పెట్టె మీద చెయ్యేసుకుని పడుకుందా? లేపండి! లేపకండి, ఎత్తుకోండి! ఎత్తుకుని దిగండి, తలుపు అలాగే వదిలెయ్యండి, గట్టిగా వెయ్యకండి. ... సీసాలు పేలుతున్నాయండీ. ఆ, మన సీసాలే. ... దిగారా? ... దిగారా అంటే పలకరేం? ... హలో?"

"ఏమైందక్కా?"

"పలకట్లేదు. ఏదో చప్పుడైంది. హలో! హలో! ... ఆ, ఉన్నారా! పిల్ల? ... మీ భుజం మీదే ఉందా? ... అమ్మయ్య. అమ్మయ్య, నా తల్లీ. ... తలుపు చప్పుడా అది? గట్టిగా వెయ్యొద్దన్నానా మిమ్మల్ని! ... ఎక్కడ? ... మన సందు చివరేనా! అక్కడే ఉండండి, వీడొస్తున్నాడు. మీరు కారు దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి. పిల్లల్ని అసలు రానివ్వకండి."

"నేను పరిగెడుతున్నా."

"పరిగెత్తు. చెప్పులు ఎందుకురా, పరిగెత్తు!"

"అక్కా! ఇదిగో, పిచ్చుక!"

"వచ్చావా! ఇటివ్వు, నా పిల్లని ఇటివ్వు. ఏదీ, చేతులు చూడనీ. కళ్ళు చూడనీ."

"ఏం కాలేదక్కా. నిద్ర చెడిందని ఏడుస్తోంది, అంతే."

"అమ్మా, నాన్న నన్ను గుంజేశారు!"

"గుంజనీ తల్లీ. మంచిపనే చేశారు."

"నేను కార్లోనే పడుకుంటా."

"కార్లో వద్దు. మామ దగ్గరా వద్దు. ఇక్కడసలు వద్దు. రా, నిన్నొకచోట కూర్చోబెడతా. ఒరేయ్, నువ్వా తలుపు దగ్గర్నుంచి ఇవతలికి రా."

"ఎక్కడ కూర్చోబెడతావు?"

"ఆఫీసు గదిలో. గోదాముకి దూరం, మధ్యలో రెండు గోడలు. అంతకంటే భద్రమైన చోటు ఇంకెక్కడుంది? ఇప్పుడే వస్తా."

"త్వరగా రా అక్కా."

"పెట్టి వచ్చాను. బయట గొళ్ళెం పెట్టాను. లేకపోతే కాలు ఒకచోట నిలవదు దానికి."

"ఆ గదిలో కుర్చీ కూడా లేదు కదా. రెండూ ముందు గదికి మార్చాం."

"కిటికీ కింద అత్త ఏదో బల్లలా సర్ది దుప్పటి కప్పింది. దాని మీద కూర్చోబెట్టి, నేనొచ్చేదాకా దిగావంటే చూడు అన్నాను."

"ఆ దడదడ ఏంటి? మళ్ళీ పేలాయా?"

"కాదులే. కోపమొస్తే మడమలతో బల్లని తంతుంది. తన్నుకోనీ. ఏడిస్తే ఏడిచింది, భద్రంగా ఉంది. ఆ హోటలు నంబరు ఇటివ్వు."

"ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పాలా?"

"నోర్ముయ్. నా పిల్ల దాని మీద చెయ్యేసుకుని నిద్రపోయిందిరా. ఇంకెవరి పిల్ల పడుకుందో! ... హలో, హోటలేనా? షెడ్డు నుంచి, బీరు వాళ్ళం. అయ్యా, మా సీసాలున్న గదిలోకి ఎవర్నీ వెళ్ళనివ్వకండి. వంటవాణ్ణి బయటికి పిలవండి, ముందు ఆ పని చెయ్యండి. ... పొయ్యి ఆర్పించండి. ... మా తప్పే. సీసా చిన్నది చేసి, లోపల వేసేది తగ్గించలేదు. పేలుతున్నాయి. ... ఆ, తిట్టండి. తిట్టేముందు పొయ్యి ఆర్పించండి. ... అవునయ్యా, లేబులు పెద్దది చేసింది కూడా కనపడకూడదనే. అదీ నిజమే. ... సరే. ఇంకెప్పుడూ పంపం."

"ఏమన్నాడు?"

"అనాల్సినవన్నీ అన్నాడు. కానీ వంటవాణ్ణి బయటికి పంపాడు. ముసలాయన నంబరు చెప్పు."

"నేను చేస్తాలే అక్కా. ఫోన్ ఇటివ్వు."

"వద్దు. చిన్న సీసా తెప్పించింది ఈ చెయ్యే. ... హలో, అన్నయ్యగారూ..."

"అక్కా, అత్త వస్తోంది. భోజనం చేసొచ్చినట్టుంది. నువ్వేం అనకు, నేను మాట్లాడతా."

"... అంతే అన్నయ్యగారూ, దుప్పటి కప్పి దూరంగా ఉండండి, నేనే వస్తాను. ఉంటాను. ... ఏమనకేంట్రా? ఆవిడ మెడలో ఆ చెంచా చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది."

"ఏమ్రా, ఏమే, ఇద్దరూ వీధినాటకంలో వేషగాళ్ళలా నిలబడ్డారు? మీ బావ సందు చివర కారుకి కాపలా కాస్తున్నాడు, పలకరిస్తే దూరంపో దూరంపో అని నన్ను కసురుతున్నాడు. ఎండదెబ్బ తగిలిందా ఏంటి మనిషికి?"

"అత్తా, సీసాలు పేలుతున్నాయి."

"ఏ సీసాలు?"

"మనవే. గోదాములో నాలుగు పేలాయి. అత్తా, నువ్వు పెద్దదానివి, నిన్ననడం కాదు. కానీ సీసా సగమైతే చక్కెర సగం వెయ్యాలి కదా. నువ్వు పాత లెక్కనే..."

"ఎవరు చెప్పార్రా నీకు, పాత లెక్కనే వేశానని?"

"అదే చెంచా కదా అత్తా!"

"చెంచా అదే. చెయ్యి నాది. నాకు కళ్ళు లేవనుకున్నావా, బుర్ర లేదనుకున్నావా? సీసా మొదటిసారి చిక్కినప్పుడే చెంచా తగ్గించాను. రెండోసారి చిక్కాక, ఇదిగో, బొటనవేలు ఇలా అడ్డం పెట్టి సగమే పోస్తున్నా. చంటిపిల్లకీ పెద్దమనిషికీ ఒకటే ముద్ద పెడతామా?"

"సగమే వేస్తున్నావా? ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. ఏమే, నీకు చెప్పానా లేదా? సీసా చిన్నదైంది, చక్కెర తగ్గించనా అని అడిగితే, చెవి దగ్గర ఫోను పెట్టుకుని 'నీకెందుకత్తా, నీ పని నువ్వు చూసుకో' అన్నావు. చూసుకున్నాను."

"అన్నాను. అన్నానత్తా. నా నోరు పడిపోను."

"అయితే మరి ఎందుకు పేలుతున్నాయి?"

"పేలిన పెట్టె మీద సుద్దగీత ఉందా?"

"ఏ గీత?"

"నేను నింపిన ప్రతి పెట్టె మీదా సుద్దతో గీత గీస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చూశావా నువ్వు? పేలిన పెట్టె మీద ఉందా, లేదా?"

"పొద్దున్న ఊడ్చినప్పుడు... లేదత్తా. అట్ట శుభ్రంగా ఉంది."

"అయితే అది నాది కాదు. మూడు వారాల కింద నేను జ్వరంతో మూలుగుతుంటే, నా మెడలో తాడు విప్పి చెంచా పట్టుకెళ్ళింది ఎవరు?"

"నేనే అత్తా."

"ఎంత వేశావు?"

"నిండుగా. పైన వేలితో గీసి. నాన్న నేర్పినట్టే."

"ఒరేయ్! ఇంతసేపూ ముసలావిడ మీద తోసి..."

"గుర్తులేదక్కా. ఒట్టు. ఒక్కరోజే కదా, నాకసలు గుర్తే రాలేదు."

"ఉండవే, వాణ్ణి తర్వాత తందువుగాని. ఆ రోజు ఎన్ని పెట్టెలు నింపావురా?"

"ఏడు. ఏడే అత్తా."

"అంటే హోటలువి, కొట్టువి?"

"వాటి మీద నా గీత ఉందిలే. నేనే దగ్గరుండి ఎక్కించాను."

"మీ బావ కార్లోవి?"

"ఇప్పుడే చూసొస్తున్నా కదే. రెండింటి మీదా నా గీతే. వాటిని నెత్తిన పెట్టుకుని నాట్యం చేసినా ఏం కాదు."

"అయితే పిచ్చుక పక్కనున్నవి మంచివేనా! అమ్మయ్య. అత్తా, నీ కాళ్ళు ఏవి, నీ కాళ్ళకి దణ్ణం పెడతా."

"చాల్లే లే. నవ్వుతావో ఏడుస్తావో ఒకటి చెయ్యి."

"రెండూ వస్తున్నాయత్తా. ఆ హోటలువాడి చేత అన్ని తిట్లు తిన్నాను, ఉత్తపుణ్యానికి! తిన్నా ఫరవాలేదు. అందరూ బాగున్నారు. పద, పిచ్చుకని తీసుకొస్తా, పాపం అప్పట్నుంచీ..."

"ఆగక్కా. అత్తా, గోదాములో గీత లేనివి ఎన్ని ఉన్నాయి?"

"మూడు."

"ఏడు కదా?"

"నువ్వెంత వేశావో తెలీక, ఒకటి తీసి రుచి చూసేదాకా నా పెట్టెల్లో కలవకూడదని అవి విడిగా తియ్యబోయాను. నాలుగు మోసేసరికి నడుం పట్టేసింది. మిగతా మూడూ అక్కడే వదిలేశా."

"ఆ నాలుగూ ఎక్కడ పెట్టావు?"

"ఎక్కడ పెడతాను, ఆఫీసు గదిలో. కిటికీ కింద పేర్చి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పాను. ఏమే, అలా పాలిపోయావు? ఉండండి, ఆ గదిలో దడదడమని ఆ తన్నేదెవరు?"